కొత్త సిటీ జోనింగ్ డ్రాఫ్ట్: ఇంట్లో సంగీతం పాఠానికి ఒకేసారి ఇద్దరు పిల్లలేనట, ఏం చెయ్యాలి?

ప్రశ్న: శ్రుతిపెట్టె

నమస్కారం అండి. మేం ఉండేది జార్జియాలో, అట్లాంటాకి ఉత్తరాన. మొన్నమొన్నటిదాకా మా ఇల్లు ఏ సిటీలోనూ లేదు. అడ్రస్‌లో పక్కూరి పేరు రాసేవాళ్లం, పనులన్నీ కౌంటీలో (జిల్లాలాంటిది) జరిగేవి. రెఫరెండం నెగ్గి కొత్త సిటీ అయింది. నేనూ యెస్ వేశాను. మా సబ్‌డివిజన్ (ఇళ్ల కాలనీ) వెనక చెట్లున్న జాగాలో అపార్ట్‌మెంట్లకి కౌంటీ ఒప్పుకుంటుందని అప్పట్లో అందరం హడలిపోయాం. మాది రెండు లేన్ల రోడ్డు. పొద్దున స్కూల్ బస్సు ఆగితే వెనకాల ఎక్కడిదాకానో బండ్లు నిలబడిపోతాయి. జోనింగ్, అంటే ఏ జాగాలో ఏం కట్టొచ్చో, ఏం చెయ్యొచ్చో చెప్పే రూల్స్, మన చేతికొస్తే చాలనుకుని ఇంటింటికీ తిరిగి కాగితాలు పంచాను. మా గడ్డిలో బోర్డు పాతాను.

ఇప్పుడు ఆ జోనింగే మా బేస్‌మెంట్ మెట్లు దిగి వచ్చింది.

ఇన్నాళ్లూ సిటీ కౌంటీ పాత జోనింగ్ ఆర్డినెన్స్‌తోనే (స్థానిక చట్టం) నడిచింది. ఈ నెల సొంత డ్రాఫ్ట్ బయటపెట్టారు. రాత్రి పిల్లలు పడుకున్నాక కూర్చుని చదివాను. అపార్ట్‌మెంట్ల అధ్యాయం చూసి తృప్తి పడ్డాను. తర్వాత హోం ఆక్యుపేషన్ పేజీ వచ్చింది. ఇంట్లో వ్యాపారం చేసేవాళ్ల దగ్గరికి ఒకేసారి ఇద్దరికి మించి రాకూడదు. సాయంత్రం ఏడు తర్వాత బయటివాళ్లెవరూ ఉండకూడదు. వచ్చినవాళ్ల బండి డ్రైవ్‌వేలోనే ఉండాలి, వీధిలో ఆపకూడదు.

నేను 2014 నుంచి మా ఇంటి బేస్‌మెంట్‌లో గాత్రం నేర్పుతున్నాను. నలుగురితో మొదలుపెట్టాను, ఇప్పుడు పదకొండుమంది. శనివారం పొద్దున ఆరుగురు, వాళ్లు వెళ్లగానే ఐదుగురు. మంగళ, గురువారాల్లో ఆరున్నర నుంచి ఎనిమిదిదాకా పెద్ద పిల్లలకి కీర్తనలు. ఇద్దరిద్దరికి చెప్పుకోవచ్చు కదా అని మా ఆయన కూడా అన్నారు. కానీ సరళీ వరుసలు గుంపులో పాడితేనే నిలబడతాయండి. మూడో కాలంలో ఒక పిల్ల తాళం జారితే పక్కపిల్ల చెయ్యి చూసి పట్టుకుంటుంది. నేను వంద సార్లు చెప్పినా రానిది ఆ ఒక్క చూపుతో వస్తుంది. విడివిడిగా చెప్పినప్పుడు గొంతు దిద్దగలను కానీ ఆ పట్టు ఇవ్వలేను.

కౌంటీ దగ్గర లైసెన్సు (ఆక్యుపేషన్ టాక్స్ సర్టిఫికెట్) ఏటా కట్టాను, ఒక్క ఏడాదీ తప్పలేదు. కోవిడ్ అప్పుడు మాత్రం ఏడాదిన్నర జూమ్‌లో చెప్పాను.

నా ప్రశ్నలు: పాత లైసెన్సు ఉన్నవాళ్లకి కొత్త రూల్ వర్తిస్తుందా? హియరింగ్‌లో (డ్రాఫ్ట్ మీద జనం మాట వినే సభ) మాట్లాడితే ఎవరైనా వింటారా, లేక రాసి ఇవ్వడం మేలా? ఇంకొకటి కూడా మనసులో పీకుతోంది. జోనింగ్ బిగించాలని తిరిగింది నేనే. ఇప్పుడు నా దాకా వచ్చాక వదులు చెయ్యమని ఏ మొహం పెట్టుకుని అడగాలి?

జవాబు: మూడేళ్లు కమిషన్‌లో

అమ్మా, ముందు ఆ చివరి ప్రశ్న పక్కన పెట్టండి. అడగడానికే ఆ హియరింగ్.

నేను ఇదే రాష్ట్రంలో వేరే సిటీలో మూడేళ్లు ప్లానింగ్ కమిషన్‌లో వాలంటీర్‌గా కూర్చున్నాను. లాయర్‌ని కాను, చూసింది చెబుతాను.

జార్జియాలో సిటీ అనిపించుకోవాలంటే కనీసం మూడు సేవలు నడపాలి. అందుకే కొత్తగా వచ్చేవి చాలావరకు తక్కువ సేవలతో మొదలవుతాయి. అట్లాంటా దగ్గరి పీచ్‌ట్రీ కార్నర్స్ 2012 జులైలో మొదలైనప్పుడు ప్లానింగ్-జోనింగ్, కోడ్ ఎన్‌ఫోర్స్‌మెంట్, చెత్త ఈ మూడే పెట్టుకుంది. పోలీసులు, ఫైరు కౌంటీవే. అంటే ఇలాంటి సిటీకి జోనింగే ప్రధానమైన పని. కాబట్టి అక్కడ కూర్చున్నవాళ్లు ఆ డ్రాఫ్ట్‌ని శ్రద్ధగా చూస్తారు, మీ మాటా వింటారు. కానీ ఆ ఇద్దరు అన్న అంకె మీలాంటివాళ్లని తలచుకుని పెట్టింది కాకపోవచ్చు. కన్సల్టెంట్లు వేరే ఊరి కోడ్‌లోంచి, అంటే వాళ్ల రూల్స్ పుస్తకంలోంచి, వాక్యాలు తెస్తారు. మా దగ్గర ఒకసారి కోళ్ల గురించిన పేరా అలాగే వచ్చింది, ఎక్కడిదని అడిగితే ఎవరికీ తెలియలేదు.

పాత లైసెన్సు సంగతి. కొత్త రూల్ వచ్చేనాటికి చట్టబద్ధంగా నడుస్తున్న పని సాధారణంగా కొనసాగొచ్చు. దాన్ని నాన్‌కన్‌ఫార్మింగ్ యూజ్ అంటారు, మనవాళ్ల నోట గ్రాండ్‌ఫాదర్ అయింది అని వింటుంటాం. అందులో మెలికలున్నాయి. మొదలుపెట్టినప్పుడు కౌంటీ రూల్‌కి లోబడి ఉండాలి. మధ్యలో ఆపేసి ఉండకూడదు. ఎన్ని నెలలు ఆపితే హక్కు పోతుందో ఆ కోడ్‌లోనే రాసి ఉంటుంది, చాలాచోట్ల ఆరు నెలలో ఏడాదో. పెంచుకుంటూ పోకూడదు. జూమ్ పాఠాలు మీరు ఆ ఇంట్లోంచే చెప్పారు, లైసెన్సూ కట్టారు, కాబట్టి ఆపలేదని చెప్పుకోవడానికి మీకు ఆధారం ఉంది. నాకు బెంగగా ఉన్నది నలుగురు పదకొండుమంది కావడం. పాత కౌంటీ కోడ్‌లో ఎంతమందికి వీలుండేదో ఆ పేజీ తీసి చూడండి. అక్కడ అంకె లేకపోతే మీరు బలంగా ఉన్నట్టు. నాలుగో ఐదో ఉంటే, ల్యాండ్ యూజ్ లాయర్‌తో ఒక గంట మాట్లాడాకే హియరింగ్‌లో నోరు విప్పండి. అక్కడ చెప్పినదంతా రికార్డులోకి పోతుంది.

రూల్ పాసయ్యాక వేరియన్స్ (ఒక్క ఇంటికి ఇచ్చే మినహాయింపు) అడుగుదాంలే అని ఆగకండి. వేరియన్స్ ఉన్నది స్థలం ఇరుకు, వాలు, సెట్‌బ్యాక్ (హద్దు నుంచి వదలాల్సిన దూరం) లాంటి ఇబ్బందులకి. వాడకం మార్చడానికి చాలా కోడ్‌లు వేరియన్స్ ఇవ్వనే ఇవ్వవు. మార్పించాల్సింది ఇప్పుడే, డ్రాఫ్ట్‌గా ఉండగానే.

హియరింగ్ గురించి రాష్ట్ర చట్టం ఏమంటుందంటే, కనీసం పదిహేను రోజుల ముందు, నలభై ఐదు రోజులు మించకుండా పేపర్లో నోటీసు వెయ్యాలి. అటువాళ్లకీ ఇటువాళ్లకీ తలా కనీసం పది నిమిషాలు ఇవ్వాలి. ఆ పది నిమిషాలు మనిషికి కాదు, పక్షానికి. మావాళ్లలో చాలామంది ఇక్కడే దెబ్బతిన్నారు. ఇరవైమంది వచ్చి, మొదటి ఇద్దరు కొత్త సిటీ ఎందుకు వచ్చిందో చరిత్రంతా చెప్పేసరికి టైమైపోయేది. మీవైపు ముగ్గురు చాలు. ఒకరు అంకెలు చెప్పాలి, ఒకరు పిల్లల తల్లో తండ్రో అయ్యుండాలి, ఇంకొకరు మీ పొరుగువాళ్లయితే మరీ మంచిది. మిగతావాళ్లు వచ్చి కూర్చోమనండి, ఈమెయిళ్లు ముందురోజే పంపించండి. "ఈ రూల్ తీసెయ్యండి" అనొద్దు. "ఈ వాక్యాన్ని ఇలా మార్చండి" అని ఆ వాక్యం టైప్ చేసి చేతిలో పెట్టండి. మేం మార్చిన ప్రతి వాక్యమూ ఎవరో రాసి తెచ్చిందే.

కమిషన్ సిఫారసు మాత్రమే చేస్తుంది, ఓటు సిటీ కౌన్సిల్‌ది. రెండు చోట్లకీ వెళ్లండి. మీ హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) కాగితాలు కూడా చూసుకోండి, సిటీ ఒప్పుకున్నా ఆ ఒప్పందం వేరే.

జవాబు: కల్-డి-సాక్ చివరిల్లు

అక్కా, మీ మీద కోపం లేదు, కానీ రెండోవైపు ఎవరో ఒకరు చెప్పాలి కదా.

మాది చివర దారి మూసుకుపోయే వీధి (కల్-డి-సాక్). మా పక్కింట్లో లెక్కల ట్యూషన్. వాళ్లూ మంచివాళ్లే, పండక్కి పిలుస్తారు. కానీ బ్యాచ్ మారే టైముకి వెళ్లేవాళ్లూ వచ్చేవాళ్లూ ఒకేసారి ఉంటారు. వీధి ఆ చివర నుంచి ఈ చివరకి రెండువైపులా బండ్లే. పోయిన చలికాలం మా నాన్నకి ఊపిరి అందలేదు, 911కి ఫోన్ చేశాం. అంబులెన్సు మా వీధి మొదట్లోనే ఆగిపోయింది. ఒక తండ్రి బండిలో కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు, ఆయన వెనక్కి తీసేదాకా లోపలికి రాలేకపోయారు. స్ట్రెచర్‌ని నడిపించుకుంటూ వచ్చారు. నాన్న బాగానే ఉన్నారు ఇప్పుడు. నేను మాత్రం శనివారం వచ్చిందంటే కిటికీ దగ్గర నిలబడతాను.

అందుకే ఇలాంటి రూల్ చదివితే నాకు ఊరట కలుగుతుంది. మీది చదివాక ఒకటి తట్టింది. మా వీధిలో గొడవ లోపల ఎంతమంది పిల్లలున్నారన్నది కాదు. వాళ్లు లోపలున్నంతసేపూ వీధి ఖాళీగానే ఉంటుంది. కష్టమంతా ఆ మారే పది నిమిషాల్లోనే. ఒక బ్యాచ్‌కీ ఇంకో బ్యాచ్‌కీ మధ్య పావుగంట ఎడం ఉండాలని రాస్తే ఆరుగురొచ్చినా నాకు అభ్యంతరం లేదు. ఇద్దరే అని రాసి ఎడం గురించి రాయకపోతే, రోజంతా ఇద్దరిద్దరు వస్తూనే ఉంటారు. అది ఇంకా ఘోరం.

జవాబు: వెనకింటి గది

మాదీ కొత్త సిటీయే. మా డ్రాఫ్ట్‌లో నన్ను ఆపింది వేరే లైను. అమ్మకోసం పెరట్లో చిన్న ఇల్లు వేద్దామనుకున్నాం. ఒక గది, వంటగది, బాత్‌రూం, మెట్లు లేకుండా. విడి కట్టడంలో పొయ్యి ఉండకూడదని రాశారు. పొయ్యి ఉంటే రెండో ఇల్లు అవుతుందట. అమ్మ తన కాఫీ తను పెట్టుకోవాలనుకునే మనిషి. కౌన్సిల్‌కి రాశాను, ఇంకా జవాబు రాలేదు.

మీరు అపార్ట్‌మెంట్ల గురించి రాసినచోట కాసేపు ఆగాను. నొప్పించాలని కాదు. ఈ దేశంలో జోనింగ్‌కి పునాది వేసిన తీర్పు 1926 నాటిది. ఒహాయోలో క్లీవ్‌లాండ్ పక్కనున్న యూక్లిడ్ అనే చిన్న ఊరికీ, అక్కడ 68 ఎకరాలున్న ఆంబ్లర్ రియల్టీ అనే కంపెనీకీ మధ్య కేసు. సుప్రీంకోర్టు ఊరి పక్షాన తీర్పిచ్చింది. ఆ తీర్పులో అపార్ట్‌మెంటు ఇంటిని వట్టి పరాన్నజీవి అన్నారు, విడి ఇళ్ల వీధిలోని ఖాళీ చోటునీ అందాన్నీ వాడుకుని బతుకుతుందని. ఆ మాట చదివినరోజు మేం ఇక్కడికొచ్చిన మొదటి నాలుగేళ్లు గుర్తొచ్చాయి. రెండో అంతస్తులో రెండు గదులు, వంట చేస్తుంటే పైవాళ్ల అడుగుల చప్పుడు. మా పెద్దాడు అక్కడే నడక నేర్చుకున్నాడు. మనలో చాలామంది మొదట దిగింది అలాంటి ఇంట్లోనే కదా. మీ వెనక ఆ చెట్ల జాగాలో రేపు ఎవరుంటారో, వాళ్ల పిల్లలు మీ దగ్గరికే సరళీ వరుసలకి రావచ్చు.

రోడ్డు ఇరుకన్నది నిజమే. దానికి రోడ్డు గురించి అడగాలి. మీ పాఠాల కోసం మాట్లాడినరోజు ఆ అధ్యాయం కూడా ఇంకోసారి చదవమని మాత్రం అడుగుతున్నాను.

శ్రుతిపెట్టె (మళ్లీ)

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. మూడు వారాలకి రాస్తున్నాను.

కౌంటీ పాత పేజీ దొరికింది. అందులో పిల్లల సంఖ్య లేదు, ఇంట్లో ఎంత భాగం వాడొచ్చో మాత్రమే ఉంది. మా బేస్‌మెంట్ గది అందులో సరిపోయింది. లాయర్‌తోనూ మాట్లాడాను, కాగితాలన్నీ ఒక ఫోల్డర్లో పెట్టుకోమన్నారు.

కల్-డి-సాక్ తమ్ముడూ, మీ మాట చదివిన శనివారం నేను పాఠం మా పెద్ద శిష్యురాలికి అప్పజెప్పి, నోటుబుక్ పట్టుకుని వాకిట్లో కూర్చున్నాను. పదేళ్లలో ఒక్కసారీ బయట నుంచి చూడలేదు. బ్యాచ్ మారేటప్పుడు తొమ్మిది బండ్లు. పదకొండుమందిలో రెండు జతలు అక్కాచెల్లెళ్లు కాబట్టి తొమ్మిది, లేకపోతే ఇంకా ఎక్కువే ఉండేవి. మా డ్రైవ్‌వేలో నాలుగు పడతాయి. మిగతా ఐదూ వీధిలో, అందులో ఒకటి ఎదురింటి పోస్టుబాక్సుకి అడ్డంగా. ఎదురింటావిడ ఇన్నేళ్లలో ఒక్కమాట అనలేదు. వెళ్లి క్షమాపణ చెప్పాను. ఆవిడ "మీ పిల్లలు పాడుతుంటే కిటికీ తెరిచిపెడతాను, కానీ ఉత్తరాలవాడు రెండుసార్లు బాక్సులో వెయ్యకుండా వెళ్లిపోయాడు" అంది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

తర్వాతి శనివారం రెండు బ్యాచ్‌ల మధ్య పావుగంట పెట్టి మళ్లీ లెక్కపెట్టాను. ఒకేసారి ఎక్కువలో ఎక్కువ ఐదు. ఆ ఐదోదాన్ని మా గరాజ్ ఖాళీ చేసి లోపలికి పంపాను, మా ఆయన బండి పార్కు దగ్గర పెట్టి నడిచొచ్చారు.

ప్లానింగ్ కమిషన్‌లో ముగ్గురమే మాట్లాడాం. నేను, ఒక శిష్యురాలి తండ్రి, ఎదురింటావిడ. నేను టైప్ చేసి తెచ్చిన వాక్యం ఇది: "బోధనకు ఒకేసారి ఆరుగురికి మించకుండా, బృందానికీ బృందానికీ మధ్య కనీసం పదిహేను నిమిషాల విరామంతో, వాహనాలు వీధిలో నిలపకుండా." ఇంగ్లిషులోనే ఇచ్చాననుకోండి. ఒక సభ్యుడు ఆరు ఎందుకు, ఎనిమిది ఎందుకు కాదు అని అడిగాడు. మా డ్రైవ్‌వేలో నాలుగే పడతాయని చెప్పాను. ఆరుగురు, విరామంతో అని సిఫారసు చేశారు. ఏడింటి హద్దు మాత్రం మార్చలేదు. మంగళ, గురువారాల పిల్లలకి ఐదున్నరకి రమ్మంటే ఇద్దరి తల్లులు ఆఫీసు నుంచి అందుకోలేరు. ఆ ఇద్దరు పిల్లల్నీ నేనే స్కూల్ నుంచి తెచ్చుకుంటానన్నాను.

వెనకింటి గది అక్కా, మీరు చెప్పిన అధ్యాయం మళ్లీ చదివాను. మొదటిసారి తృప్తిగా చదివింది ఈసారి అంత తేలిగ్గా చదవలేకపోయాను. ఆ స్థలం గురించి నా అభిప్రాయం ఇంకా పూర్తిగా మారలేదు, రోడ్డు భయం అలాగే ఉంది. మీ పొయ్యి లైను మా డ్రాఫ్ట్‌లోనూ ఉంది, పేజీ గుర్తుపెట్టుకున్నాను. కౌన్సిల్ మీటింగు వచ్చే మంగళవారం. పాఠం మానేసి వెళ్తున్నాను, రెండు వాక్యాలు టైప్ చేసుకుని.