హీప్ నిండలేదు, అయినా కంటైనర్ ఆగిపోతోంది

రాత్రిషిఫ్ట్: రెండు రోజులుగా ఒకటే టెన్షన్ అండి. జావా 17 సర్వీసు, కంటైనర్ (సర్వీసుని విడిగా, హద్దులు పెట్టి నడిపే పెట్టె లాంటిది) మెమరీ లిమిట్ 2 జీబీ. ఎక్స్‌ఎమ్‌ఎక్స్ (హీప్, అంటే జావా ఆబ్జెక్ట్‌లు ఉండే మెమరీ, గరిష్ఠ సైజు) కూడా 2 జీబీయే పెట్టాను. ట్రాఫిక్ పెరగ్గానే 137 కోడ్‌తో ఆగిపోతోంది. లాగ్‌లో అవుట్‌ఆఫ్‌మెమరీ ఎర్రర్ ఒక్కటీ లేదు. గ్రాఫ్‌లో హీప్ వాడకం 1.4 జీబీ దాటలేదు. మెమరీ లీక్ ఎక్కడని వెతకాలి?

పాతజావా: ముందే లీక్ అనుకోకండి. 137 అంటే 128 ప్లస్ 9, అంటే సిగ్‌కిల్, ప్రాసెస్‌ని బలవంతంగా ఆపే సిగ్నల్. కంటైనర్ మెమరీ హద్దు దాటిందని ప్రాసెస్‌ని చంపింది కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్). జేవీఎమ్‌కి (జావా ప్రోగ్రామ్‌ని నడిపేది) లాగ్ రాసుకునే అవకాశమే దొరకదు. ఎక్స్‌ఎమ్‌ఎక్స్ హద్దు హీప్ ఒక్కదానికే. మెటాస్పేస్ (క్లాస్‌ల సమాచారం ఉండే చోటు), థ్రెడ్ స్టాక్‌లు, జిట్ కోడ్ క్యాష్ (నడుస్తుండగా కంపైల్ అయిన కోడ్), డైరెక్ట్ బఫర్లు (ఇన్‌పుట్, అవుట్‌పుట్ డేటా కోసం నేరుగా తీసుకునే మెమరీ) అన్నీ దాని బయటే ఉంటాయి. మెటాస్పేస్‌కైతే మీరు చెప్పకపోతే హద్దే లేదు. డైరెక్ట్ బఫర్లు కూడా చెప్పకపోతే దాదాపు ఎక్స్‌ఎమ్‌ఎక్స్ అంత వరకు పెరగొచ్చు. 2 జీబీలో 2 జీబీ హీప్‌కే రాసిచ్చేస్తే వీటికి చోటేది?

కొత్తకోడర్: నేను ఎక్స్‌ఎమ్‌ఎక్స్ మానేసి మ్యాక్స్‌ర్యామ్‌పర్సెంటేజ్ (కంటైనర్ మెమరీలో హీప్‌కి ఇచ్చే గరిష్ఠ శాతం) 75 పెడతాను. ఏమీ పెట్టకపోతే హీప్‌కి మామూలుగా పావు వంతే ఇస్తుంది.

పాతజావా: పెద్ద కంటైనర్లకు 75 బాగానే ఉంటుంది. 512 ఎంబీ కంటైనర్‌లో మాత్రం మిగిలేది 128 ఎంబీ. ఓ మోస్తరు ఫ్రేమ్‌వర్క్ లోడ్ అయితే మెటాస్పేస్‌కే అది చాలకపోవచ్చు. నేనైతే కొలవకుండా ఏ శాతమూ పెట్టను.

గమనిక: కొలవడానికి నేటివ్‌మెమరీట్రాకింగ్‌ని (జేవీఎమ్ దేనికి ఎంత మెమరీ తీసుకుందో లెక్కపెట్టే ఆప్షన్) సమ్మరీకి పెట్టి స్టార్ట్ చేయండి. లోడ్ పెరిగాక జేసీఎండీ అనే జావా టూల్‌తో వీఎమ్ నేటివ్ మెమరీ రిపోర్ట్ తీయండి. రిజర్వ్‌డ్ (అడ్రస్‌లు మాత్రమే కేటాయించి ఉంచినది) అంకె చూసి కంగారుపడొద్దు, కమిటెడ్ (వాడుకోవడానికి నిజంగా తీసుకున్నది) చూడండి. ఈ ట్రాకింగ్ వల్ల వేగం 5 నుంచి 10 శాతం తగ్గొచ్చు, కాబట్టి పని అయ్యాక తీసేయండి.

రాత్రిషిఫ్ట్: కొలిచాను! హీప్ కమిటెడ్ 1.7 జీబీ. నేను ఇన్నాళ్లూ గ్రాఫ్‌లో చూసింది యూజ్‌డ్ (అందులో ఆబ్జెక్ట్‌లతో నిండిన భాగం) మాత్రమే. డైరెక్ట్ బఫర్లే 300 ఎంబీ దాకా ఉన్నాయి. ఎక్స్‌ఎమ్‌ఎక్స్ 1200 ఎంబీకి దించి, మ్యాక్స్‌డైరెక్ట్‌మెమరీసైజ్ (డైరెక్ట్ బఫర్ల హద్దు) 384 ఎంబీ పెట్టాను. జీసీ (వాడని ఆబ్జెక్ట్‌లను తీసేసే పని) కొంచెం ఎక్కువసార్లు నడుస్తోంది గానీ, నిన్నటి పీక్‌లో కంటైనర్ పడలేదు.

పాతజావా: చాలా సంతోషం. ఇక ఆ 384 చాలకపోయినా డైరెక్ట్ బఫర్ మెమరీ అనే ఎర్రర్ లాగ్‌లోనే కనిపిస్తుంది. ఎగ్జిట్‌ఆన్‌అవుట్‌ఆఫ్‌మెమరీఎర్రర్ (మెమరీ చాలక ఎర్రర్ వస్తే జేవీఎమ్‌ని ఆపేసే ఆప్షన్) ఉంది కదా అని దీనికి నమ్ముకోకండి, ఈ డైరెక్ట్ బఫర్ ఎర్రర్ జావా కోడ్ నుంచి వస్తుంది కాబట్టి ఆ ఆప్షన్ దీన్ని పట్టించుకోదు. లాగ్ మీదే అలర్ట్ పెట్టుకోండి.