వెన్, ఇఫ్ తర్వాత విల్ ఎప్పుడు రావాలి? క్లాజ్, ఫ్రేజ్ తేడా కూడా

ప్రశ్న:
"బిఫోర్ ఐ లెఫ్ట్" క్లాజ్ అట, "బిఫోర్ లీవింగ్" ఫ్రేజ్ అట. అర్థం ఒకటే కదండీ? ఇంకోటి, "కాల్ మీ వెన్ హీ విల్ కమ్" తప్పంటున్నారు, "ఐ డోంట్ నో వెన్ హీ విల్ కమ్" మాత్రం ఒప్పట. ఎందుకు?

జవాబు 1:
అర్థంతో కాదు, క్రియతో తేల్చండి. కర్తా, కాలం చూపే క్రియా ఉంటే క్లాజ్. లెఫ్ట్ భూతకాలం, కర్త ఐ. లీవింగ్‌లో కాలం లేదు, మన "వెళ్ళేముందు"లాగే నిన్నటికీ రేపటికీ అదే రూపం. పెద్ద వాక్యమైతే కాలం చూపే క్రియల్ని లెక్కపెట్టండి. "ద బాయ్ హూ ఈజ్ స్టాండింగ్ దేర్ సేస్ దట్ హీ హ్యాజ్ లాస్ట్ హిజ్ కీస్": ఈజ్ స్టాండింగ్, సేస్, హ్యాజ్ లాస్ట్. మూడు క్రియలు, మూడు క్లాజులు. సహాయక క్రియని విడిగా లెక్కేస్తే లెక్క తప్పుతుంది.

(పెద్ద వ్యాకరణ గ్రంథాలు "బిఫోర్ లీవింగ్"ని కూడా నాన్‌ఫైనైట్ క్లాజ్ (కాలం చూపని క్రియ ఉన్న క్లాజ్) అంటాయి. బడి పరీక్షలో మాత్రం ఫ్రేజ్ అనే రాయండి.)

జవాబు 2:
విల్ సంగతి తెలుగులోకి మార్చి చూస్తే తెలిసిపోతుంది. "ఎప్పుడు వస్తాడో తెలీదు": చివర ఓ వచ్చింది, అది నౌన్ క్లాజ్ (నామవాచకంలా పనిచేసేది), భవిష్యత్తైతే విల్ ఉండాలి. "వచ్చినప్పుడు ఫోన్ చెయ్యి": ఇది ఆడ్వెర్బ్ క్లాజ్ (పని ఎప్పుడో చెప్పేది), విల్ పెట్టకూడదు, "వెన్ హీ కమ్స్" అనాలి. ఇఫ్‌తో చూడండి, అర్థమే మారిపోతుంది:
"టెల్ మీ ఇఫ్ హీ విల్ కమ్" అంటే వస్తాడో రాడో చెప్పు.
"టెల్ మీ ఇఫ్ హీ కమ్స్" అంటే మామూలుగా "వస్తే చెప్పు" అని.
అన్‌టిల్, ఆఫ్టర్, యాజ్ సూన్ యాజ్ కాలాన్ని చెప్పేటప్పుడు రెండో రకమే.

జవాబు 3:
వెన్ ముందు నామవాచకం ఉండి, దాన్నే వర్ణిస్తుంటే అది ఆడ్జెక్టివ్ క్లాజ్: "ద డే వెన్ వీ మెట్", మనం కలిసిన రోజు. ఇక్కడ ఎక్కువగా జరిగే తప్పు "ద బుక్ విచ్ ఐ బాట్ ఇట్". ఇట్ స్థానాన్ని విచ్ అప్పుడే తీసేసుకుంది, మళ్ళీ ఇట్ అక్కర్లేదు. "ఆల్దో" పెట్టి రెండో సగంలో "బట్" తగిలించడం కూడా ఇలాంటిదే, ఒకటి చాలు.

ప్రశ్న అడిగినవారు:
అయితే "ఐ హోప్ హీ కమ్స్"? అది నౌన్ క్లాజే కదా, విల్ లేదేం?

జవాబు 2:
హోప్ తర్వాత రెండూ చెల్లుతాయండి. "ఐ హోప్ హీ విల్ కమ్" అన్నా తప్పు లేదు. థింక్‌కి ఆ వెసులుబాటు లేదు, "ఐ థింక్ హీ విల్ కమ్ టుమారో" అనే రాయండి.