నార్వే పడవలో పలక మీద పలక ఎక్కిస్తే నీళ్లు కారవా?

ప్రశ్న (కొత్తపట్నం)
నార్వే ఓసెల్వార్ పడవ ఫోటోలు చూశా. పలకల అంచులు పెంకుల్లా ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. మన పాత మసులా పడవకు పలకల్ని అంచుకు అంచు ఆనించి కొబ్బరి తాడుతో కుట్టేవాళ్లు కదా. ఆ ఎక్కుడు అతుకులో నీళ్లెందుకు రావు? మన తీరంలో అలాంటిది చేయించుకుంటే పనికొస్తుందా?

జవాబు 1 (జువ్వలదిన్నె)
అక్కడ ముందు అడుగు దూలం, రెండు కొనల కర్రలు నిలబెట్టి, పలకలు ఎక్కించుకుంటూ పోతారు. లోపలి వంపు కర్రలు ఆ తర్వాతే. ఓసెల్వార్‌కు పక్కకు మూడే వెడల్పాటి పలకలు.

పనంతా అతుకులోనే ఉంది. కింది పలక పై అంచును బయటివైపు చిత్రిక పట్టి, మీది పలక అంగుళం మేర పూర్తిగా ఆనేలా చేస్తారు. మధ్యలో తారులో ముంచిన ఉన్ని దారం వేస్తారు. మేకు బయటి నుంచి దిగుతుంది. లోపల దానికి చిన్న వాషర్ తొడిగి, మిగిలిన మొన కత్తిరించి, సుత్తితో నెమ్మదిగా చాలాసార్లు కొట్టి చదును చేస్తారు. గట్టిగా రెండు దెబ్బలేస్తే మేకు చెక్కలోనే వంగి అతుకు వదులైపోతుంది. బరమా రంధ్రం అంచుకు మరీ దగ్గరైతే పలక చీలుతుంది. చిత్రిక సరిగ్గా పడకపోతే ఎంత బిగించినా సందు మూయదు.

జవాబు 2 (తడ)
అన్నా, అసలు చిక్కు ఎండతోనే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధంలో పడవ ఒడ్డున ఉంటే పలకలు ఎండి కుంచించుకుపోతాయి. అప్పుడు కారుతోందని సందులో పీచు దట్టించకండి. నీళ్లలో దింపాక చెక్క ఉబ్బి, ఆ పీచే అతుకును విడదీసి మేకుల్ని లాగేస్తుంది. తాటాకు నీడలో పెట్టి, లోపల తడి గోనెసంచులు పరవండి. దింపిన మొదటి రోజు కాస్త కారినా తోడుకుంటూ ఉంటే చెక్క నానాక ఆగిపోతుంది. బయట పైన్ చెట్టు తారు, అవిసె నూనె కలిపి పూస్తారు వాళ్లు. ఇనప మేకులు ఉప్పునీటికి తుప్పుపట్టి చుట్టూ చెక్కను తినేస్తాయి కాబట్టి రాగివే వాడండి.

ప్రశ్న అడిగినవారు
మరి అలల్లోంచి దించాలంటే?

జవాబు 1
వద్దు తమ్ముడూ. అక్కడి ఫియర్డుల్లో, అంటే కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయల్లో, నీళ్లు నిలకడ. మన ఒడ్డున అల ఎత్తి ఇసుకకేసి కొడుతుంది. కుట్టు పడవ ఆ దెబ్బకు సాగి మళ్లీ సర్దుకునేది, మేకుల అతుకు అంత సాగదు. ఉప్పుటేరుకో పులికాట్‌కో అయితే నిశ్చింతగా చేయించుకో.

జవాబు 3 (రామాయపట్నం)
అక్కడి పడవలన్నీ ఒకే రకమనుకోకండి. ఉత్తరాన చలికాలం లోఫోటెన్ దీవుల దగ్గర కాడ్ చేపల వేటకు పోయేవి చతురస్రపు తెరచాప కట్టిన పెద్ద నూర్లాండ్ పడవలు. ఓసెల్వార్ బెర్గెన్ దగ్గరి ఓస్ ఊరిది. 2021లో ఈ పలక ఎక్కుడు పనిని యునెస్కో నార్వేతో కలిపి ఐదు నార్డిక్ (ఉత్తర ఐరోపా) దేశాల వారసత్వంగా గుర్తించింది. చేయించేటప్పుడు అడుగు దూలానికి ఒకే నిడివి కర్ర దొరుకుతుందో లేదో ముందు చూసుకోండి, పలకల సంగతి తర్వాత.