వేణువు మీద కోయిల కూత ఐదో పిలుపు దగ్గర విరిగిపోతోంది

వచ్చే నెల ఒక నృత్య ప్రదర్శనకు వేణువు వాయించాలి. వసంత ఘట్టంలో కోయిల కూయాలి. రికార్డింగ్ పెట్టేయొచ్చు. ఇటలీ స్వరకర్త రెస్పీఘీ 1924లోనే ఆర్కెస్ట్రా మధ్యలో గ్రామఫోన్ మీద నైటింగేల్ పాట వినిపించాడు. కానీ ఇక్కడ నర్తకి ఆగే సమయం రోజుకో రకంగా ఉంటుంది, అందుకే నేనే వాయించాలి.

కోకిలది పంచమం, అంటే 'ప' స్వరం అని ప్రాచీన సంస్కృత గ్రంథం నారదీయ శిక్ష చెబుతుంది. తీరా వింటే అది ఒక్కచోట నిలిచే స్వరం కాదు. తెల్లవారుజామున ఐదున్నరకు మా వేపచెట్టు కింద ఫోన్‌లో రికార్డు చేశాను. 'కు' దగ్గర మొదలై 'ఊ' మీదకి జారుతుంది, ప్రతి పిలుపూ ముందుదానికన్నా కాస్త పైనుంచి ఎత్తుకుంటుంది. ఆ తహతహే నాకు కావాలి.

నాది ఎనిమిది రంధ్రాల ఐదు శ్రుతి (ఆధార స్వరం ఎత్తును చెప్పే అంకె) వేణువు. వేలిని రంధ్రం మీంచి మెల్లగా పక్కకి జారుస్తున్నాను. నాలుగు పిలుపుల దాకా బాగుంది. ఐదోదానికి ఊపిరి పెరిగి స్వరం ఒక్కసారిగా పై స్థాయికి ఎగిరిపోతోంది. ఊపిరి తగ్గిస్తే గాలి శబ్దమే మిగులుతోంది. ఆరు శ్రుతి వేణువుతోనూ అంతే. మైక్‌ని రెండంగుళాల నుంచి ఆరంగుళాలకు జరిపాను, ఫోమ్ తొడిగాను. గాలి చప్పుడు తగ్గింది గానీ అసలు సమస్య పోలేదు. మూడు వారాలుగా ఇదే టెన్షన్.

ఐదో పిలుపు నుంచి స్వరం ఎగరకుండా జారుడు నిలవాలంటే పెదవి కోణం మార్చాలా, లేక వేళ్ల పద్ధతి మార్చాలా?