చర్చ: బూడెన్‌హోల్జర్‌ను ఉంచాలా, పంపాలా?

చిక్కడపల్లి_13
2024-25 ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) సీజన్ అయిపోయింది. రాత్రి ఒంటిగంటకు మొదలైన శాక్రమెంటో మ్యాచ్ కూడా పోయింది. మన ఫీనిక్స్ సన్స్ 36 గెలుపులు, 46 ఓటములు (36-46), వెస్ట్ కాన్ఫరెన్స్‌లో 11వ స్థానం, ప్లేఆఫ్స్ చివరి బెర్తుల కోసం ఆడే ప్లే-ఇన్ గతి కూడా లేదు. 8-1తో మొదలుపెట్టిన జట్టు ఇది! లీగ్‌లో అందరికంటే ఎక్కువ జీతాలు తీసుకుంటున్న జట్టు కూడా ఇదే. ఇవాళ అంబేద్కర్ జయంతి సెలవు కాబట్టి తీరిగ్గా రాయండి. కోచ్ బూడెన్‌హోల్జర్‌ను ఉంచాలా? పంపితే ఎవరిని తేవాలి? మన ఆటగాడు బీల్ భారీ కాంట్రాక్టు ఏం చేయాలి? వచ్చే ఏడాదికి లీగ్ పాస్ (మ్యాచ్‌లు ఆన్‌లైన్‌లో చూసే చందా) కలిసి తీసుకునేవాళ్లు ఎవరైనా ఉన్నారా?

నేనైతే ఉంచాలంటాను. 2023లో అప్పటి కోచ్ మాంటీ విలియమ్స్‌ను పంపారు. 49 మ్యాచ్‌లు గెలిపించిన వోగెల్‌ను 2024లో పంపారు. ఇప్పుడు ఈయనా పోతే మూడేళ్లలో ముగ్గురు. ఐదేళ్ల కాంట్రాక్టు ఇచ్చి ఏడాదికే వెళ్లిపొమ్మంటే రేపు మంచి కోచ్ ఎవడొస్తాడు?

కూకట్‌పల్లి_హూప్స్
పంపాలి. ఇందులో ఆలోచించడానికేం లేదు. ఫీనిక్స్‌లో హోమ్ మ్యాచ్ అంటే మనకు పొద్దున ఏడున్నర. ఆఫీసు క్యాబ్‌లో ఫోన్ పట్టుకుని చూస్తాను. హాఫ్‌టైమ్‌కు బాగానే ఉంటారు. మూడో క్వార్టర్ మొదలవ్వగానే అవతలి జట్టు వరసపెట్టి 12 పాయింట్లు కొడుతుంది, ఈయన చేతులు కట్టుకుని నిలబడతాడు. టైమ్‌అవుట్ తీసుకోడు. 2023లో ఈయన కోచ్‌గా ఉన్న మిల్వాకీ బక్స్ మొదటి సీడ్‌గా ఉండి మయామీ చేతిలో 4-1తో ఓడినప్పుడూ ఇదే గొడవ. చివరి మ్యాచ్ ఆఖర్లో టైమ్‌అవుట్లు చేతిలో ఉంచుకుని కూడా వాడలేదు. అప్పుడు మిల్వాకీ వాళ్లు పంపేశారు. మనం తెచ్చి నెత్తిన పెట్టుకున్నాం.

డ్రాప్‌స్టెప్
కోచింగ్ చేసినవాడిగా చెబుతున్నా. యూనివర్సిటీకి ఆడాను, ఇప్పుడు సికింద్రాబాద్‌లో పిల్లలకు నేర్పిస్తున్నాను. మీరంతా టైమ్‌అవుట్ దగ్గరే ఆగిపోయారు. అసలు జబ్బు డిఫెన్స్‌లో ఉంది.

మిల్వాకీలో ఆయన డ్రాప్ (సెంటర్ ముందుకు రాకుండా వెనక్కి తగ్గి రింగ్ దగ్గర కాపు కాసే పద్ధతి) నడిచిందంటే వెనక బ్రూక్ లోపెజ్ ఉన్నాడు, ముందు జ్రూ హాలిడే ఉన్నాడు. జ్రూ స్క్రీన్ (దారికి అడ్డంగా నిలబడే అవతలి ఆటగాడు) పక్కనుంచి దూరి బంతి పట్టుకున్నవాడి వీపుకు అతుక్కునేవాడు. లోపెజ్ రింగ్ ముందు చేతులెత్తి నిలబడేవాడు. ఆ మధ్యలో దూరం నుంచి ఒక రెండు పాయింట్ల షాట్ తప్ప ఇంకేం దొరికేది కాదు. ఫీనిక్స్‌లో ఏముంది? బీల్‌కు స్క్రీన్ తగిలిందంటే అక్కడే ఆగిపోతాడు. సెంటర్ నర్కిచ్ ఒక అడుగు వెనక్కి వేసేలోపు అవతలివాడు లేఅప్ వేసేస్తాడు. ఫిబ్రవరిలో నర్కిచ్‌ను షార్లెట్‌కు పంపాక ప్లమ్లీ మిగిలాడు, ఆయన వల్ల రింగ్ దగ్గర భయం ఎవరికీ లేదు. కొత్త కుర్రాడు ఇఘొడారో స్విచ్ చేయగలడు (స్క్రీన్ పడగానే తను కాసేవాణ్ని మార్చుకోగలడు), కానీ ఆయన చేతికి చాలాకాలం నిమిషాలే రాలేదు. ఉన్న మనుషుల్ని బట్టి పద్ధతి మార్చుకోవాలి. ఈయన మార్చుకోలేదు. నా పాయింట్ అంతే.

చిక్కడపల్లి_13
అన్నా, మీరే చెప్పారు, లోపెజ్ లేడని. లోపెజ్ లాంటివాణ్ని తెచ్చి ఇవ్వాల్సింది ఎవరు? 2023 ఫిబ్రవరిలో ఓనర్ ఇష్బియా జట్టు పగ్గాలు పట్టిన వారంలోనే డ్యూరాంట్ కోసం మికాల్ బ్రిడ్జెస్‌ను, క్యామ్ జాన్సన్‌ను, నాలుగు ఫస్ట్ రౌండ్ పిక్‌లను (కొత్త కుర్రాళ్లను ముందుగా ఎంచుకునే హక్కులు) ఇచ్చేశారు. ఆ తర్వాత బీల్. ఇప్పుడు సెకండ్ ఏప్రన్ (జట్టు జీతాలకు లీగ్ గీసిన పై గీత) దాటి కూర్చున్నాం. ఇద్దరి జీతాలు కలిపి ఒకణ్ని తెచ్చుకునే వీలు కూడా లేదు. ఆటగాళ్లను మార్చలేక కోచ్‌ను మారుస్తున్నారు. అత్త మీద కోపం దుత్త మీద చూపడం అంటే ఇదే.

ఉప్పల్_ఆరెంజ్
కోచ్ మారితే జట్టు మారదని ఎవరన్నారు? మన ఇంట్లోనే ఉంది సాక్ష్యం. 2023లో లారా కోచ్‌గా సన్‌రైజర్స్ 14 మ్యాచ్‌ల్లో 4 గెలిచి అట్టడుగున ఉంది. ఒక్క ఏడాదికే పంపేశారు. వెటోరీ వచ్చాడు, 2024లో ఫైనల్ ఆడాం. అప్పుడు లారాకు ఇంకో అవకాశం ఇద్దామని కూర్చుంటే ముంబై మీద 277, బెంగళూరు మీద 287 చూసేవాళ్లమా?

రాత్రిషిఫ్ట్_మామ
భయ్యా అది వెటోరీ గొప్పతనమా? 20.5 కోట్లు పెట్టి కమిన్స్‌ను కొన్నారు, 6.8 కోట్లకు హెడ్‌ను కొన్నారు. లారాకు వాళ్లిద్దరినీ ఇచ్చి ఉంటే ఆయన కూడా ఫైనల్‌కు తీసుకెళ్లేవాడు.

ఉప్పల్_ఆరెంజ్
అభిషేక్ శర్మ లారా దగ్గర కూడా ఉన్నాడు. 2023లో 226 పరుగులు. వెటోరీ దగ్గర 2024లో 484, స్ట్రైక్ రేట్ 204. కుర్రాడు అదే కుర్రాడు, బ్యాటు అదే బ్యాటు. ఏం మారింది? అవుటైనా పర్లేదు, మొదటి బంతి నుంచే బాదమని చెప్పే డ్రెస్సింగ్ రూమ్ మారింది. క్లాసెన్ 2023లో కూడా ఉన్నాడు. కోచ్ చేసేది ఇదే, దీన్ని చూడలేకపోతే ఎలా?

రాత్రిషిఫ్ట్_మామ
అవతలి వైపు హెడ్ నిలబడి కొడుతుంటే ఎవరికైనా ధైర్యం వస్తుంది. పైగా ఈ ఏడాది ఏమైంది? అదే వెటోరీ, మొదటి మ్యాచ్‌లో రాజస్థాన్ మీద 286 కొట్టి తర్వాత వరసగా నాలుగు ఓడారు. పోయిన వారం వరకూ మీ గ్రూపుల్లోనే వెటోరీని పంపేయమని రాశారు. శనివారం ఉప్పల్లో అభిషేక్ 141 కొట్టి 246 ఛేజ్ చేసేసరికి అందరూ మళ్లీ వెటోరీ మనుషులయ్యారు. గెలిస్తే కోచ్, ఓడితే ఆటగాళ్లా?

ఉప్పల్_ఆరెంజ్
నేను ఎప్పుడూ పంపేయమని రాయలేదు. నా పాత పోస్టులు తీసి చూపించు. చూపించలేకపోతే ఆ మాట వెనక్కి తీసుకో. శనివారం స్టాండ్‌లో కూర్చుని గొంతు పోయేలా అరిచినవాణ్ని నేను. నాతో ఇలా మాట్లాడితే ఊరుకోను.

రాత్రిషిఫ్ట్_మామ
నిన్ను అన్నానా? గ్రూపుల్లో అన్నాను. నువ్వెందుకు మీద వేసుకుంటున్నావ్?

మోడరేటర్
ఇద్దరూ కాస్త తగ్గండి. క్రికెట్‌కు వేరే చోటు ఉంది. ఇక్కడ సన్స్ సంగతి మాట్లాడండి.

హారికా_వాళ్ల_నాన్న
కోచ్‌ను ఏటా మారిస్తే ఏమవుతుందో నాకు తెలుసు, అందుకే రాస్తున్నాను. మా అమ్మాయి ఒక అకాడమీలో ఆడుతుంది, పేరు వద్దు. ఫీజు ఏడాదికి ముందే కట్టించుకుంటారు. మొదటి సార్ బంతిని నుదుటి మీదకు తెచ్చి, మోచెయ్యి రింగ్ వైపు పెట్టి, ఎగిరాక వదలమన్నారు. చేతికి అలవాటైంది. తర్వాత వచ్చినాయన అది పాత పద్ధతి అన్నారు. బంతి కిందనుంచి పైకి ఒకే ఊపులో వెళ్లిపోవాలి, ఎగరకముందే వదిలెయ్ అన్నారు. మూడో ఆయన రెండూ తప్పని అడుగులు మార్చారు, కుడికాలు ముందు పెట్టించారు. ఇప్పుడు ఫ్రీ త్రో లైన్ దగ్గర నిలబడి పిల్ల మూడుసార్లు బంతి కొట్టి, ఆగి, నా వైపు చూస్తుంది. ఏ పద్ధతిలో వెయ్యాలో దానికే తెలియదు. జీతం తక్కువకు వచ్చేవాళ్లు దొరికారని కోచ్‌లను మార్చుకుంటూ పోయారు, దెబ్బ పిల్లలకు తగిలింది. మన స్టార్ బుకర్ అంతటివాడికి కూడా ప్రతి ఏడూ కొత్త పాఠమైతే ఎలా కుదురుతుంది? పదేళ్లు కాదు, కనీసం రెండేళ్లు ఉంచాలి.

డ్రాప్‌స్టెప్
సార్, మీ అమ్మాయిని ఒకసారి మా కోర్టుకు తీసుకురండి. షాట్ పాడవలేదు, నమ్మకం పోయింది. వచ్చాక రింగ్‌కు దగ్గరగా నిలబెట్టి ఒంటిచేత్తో వేయిద్దాం, దూరం తర్వాత సంగతి. మెసేజ్ పెడుతున్నాను.

హారికా_వాళ్ల_నాన్న
తప్పకుండా వస్తాం సార్. థాంక్యూ.

నారాయణగూడ_పాతకాపు
ఓపిక పడితే ఏం వస్తుందో చూడాలంటే ఓక్లహోమా వైపు చూడండి. వాళ్ల కోచ్ డాగ్నాల్ట్ మొదటి ఏడాది 22-50, రెండో ఏడాది 24-58. ఎవరూ కదపలేదు. ఈ ఏడాది 68-14! శాన్ ఆంటోనియో కోచ్‌గా పాపోవిచ్ మొదటి సీజన్ 17-47. డెన్వర్‌లో కోచ్ మలోన్ మొదటి మూడేళ్లు ప్లేఆఫ్స్‌కే వెళ్లలేదు, 2023లో టైటిల్ తెచ్చాడు. మన ఊరి సంగతి తీసుకున్నా అంతే, హైదరాబాద్ ఎఫ్‌సీ 2019-20లో ఆఖరి స్థానం. కోచ్ మనోలో మార్కెజ్‌కు ఇచ్చి నమ్మారు, 2022లో ఐఎస్‌ఎల్ కప్పు తెచ్చాడు.

కూకట్‌పల్లి_హూప్స్
పెద్దాయనా, గౌరవంతోనే చెబుతున్నా, ఆ లెక్కలు ఇక్కడ పనికిరావు. ఓక్లహోమా కావాలనే ఓడింది (అడుగున ఉన్నవాళ్లకే మంచి పిక్‌లు), పిక్‌లు పోగేసుకుంది. పాపోవిచ్‌కు మరుసటి ఏడాది డంకన్ లాంటి గొప్ప ఆటగాడు దొరికాడు. మన చేతిలో పిక్‌లు ఏవి? డ్యూరాంట్‌కు 36 ఏళ్లు, ఆగేందుకు సమయమేది? ఇక మలోన్ మాట ఎత్తారు కాబట్టి, అదే మలోన్‌ను డెన్వర్ పోయిన వారం మూడు మ్యాచ్‌లు మిగిలి ఉండగానే పంపేసింది. టైటిల్ తెచ్చినవాణ్నే ఉంచలేదు. మెంఫిస్ మార్చి చివర్లో తన కోచ్ జెంకిన్స్‌ను పంపింది. డెట్రాయిట్‌ను చూడండి. మాంటీతో 14-68, మధ్యలో వరసగా 28 ఓటములు. కోట్లకు కోట్లు బాకీ ఉన్నా పంపేశారు. బికర్‌స్టాఫ్ వచ్చి మొదటి ఏడాదే 44-38.

నారాయణగూడ_పాతకాపు
డెట్రాయిట్ చెప్పావు, బాగుంది. అదే మాంటీ మన దగ్గర 2021-22లో 64 మ్యాచ్‌లు గెలిపించాడు కదా బాబూ. ఇక్కడ గొప్పవాడు అక్కడికి వెళ్లగానే చేతకానివాడైపోయాడా? డెట్రాయిట్ ఈ ఏడాది టోబయస్ హ్యారిస్‌ను, బీజ్లీని, హార్డవేను తెచ్చుకుంది. కుర్రాళ్ల చుట్టూ షూటర్లు చేరారు. ఆ మాట వదిలేస్తే లెక్క తప్పుతుంది. యూబీఏ (మన దేశపు ప్రో బాస్కెట్‌బాల్ లీగ్) రోజుల్లో హైదరాబాద్ స్కై జట్టు ఆటలు చూసిన తరం మాది, ఆ లీగే 2017 తర్వాత లేకుండా పోయింది. కోచ్‌ను తిట్టుకునే భాగ్యం కూడా మనకు లేదు. ఈ దేశంలో బాస్కెట్‌బాల్‌కు నిలకడ అన్నదే రాలేదు, అందుకే నాకు ఈ మార్చడాలంటే కోపం.

సిక్స్త్‌మ్యాన్_మలక్‌పేట
ఎవరూ బీల్ గురించి రాయరేం? వాషింగ్టన్ ఇచ్చిన 251 మిలియన్ల కాంట్రాక్టు, పైగా ఆయన ఒప్పుకోకుండా ఎక్కడికీ పంపలేని షరతు. జనవరిలో ఆయన్ని బెంచ్ మీద కూర్చోబెట్టే ధైర్యం బూడెన్‌హోల్జర్ ఒక్కడికే వచ్చింది. ఆ ఒక్కదానికి నేను ఆయనకు సలాం కొడతాను. అంత జీతం తీసుకునేవాణ్ని కూర్చోబెడితే డ్రెస్సింగ్ రూమ్‌లో ఎంత టెన్షన్ ఉంటుందో ఆలోచించండి. కనీస జీతానికి వచ్చిన టైయస్ జోన్స్ స్టార్టర్‌గా ఆడాల్సి వచ్చిన జట్టు ఇది. తప్పు జట్టును కట్టినవాళ్లది.

రాత్రిషిఫ్ట్_మామ
తీసేశారు. ఇప్పుడే వచ్చింది. జట్టే ప్రకటించింది.

చిక్కడపల్లి_13
చూశాను. ఆఖరి మ్యాచ్ అయ్యి ఒక రోజు కూడా కాలేదు. చాలా బాధగా ఉంది. 2021 ఫైనల్లో మనల్ని 4-2తో ఓడించిన మనిషిని తెచ్చుకున్నామని ఎంత సంబరపడ్డాం!

కూకట్‌పల్లి_హూప్స్
మంచి పని చేశారు. ఆలస్యం చేస్తే మంచి కోచ్‌లు వేరేచోట సంతకాలు పెట్టేస్తారు.

సిక్స్త్‌మ్యాన్_మలక్‌పేట
మంచి పనా? ఆయనకు ఇంకా నాలుగేళ్ల జీతం ఇవ్వాలి. ఆ డబ్బుతో ఏం చేయొచ్చో తెలుసా?

డ్రాప్‌స్టెప్
కోచ్ జీతానికీ సెకండ్ ఏప్రన్‌కూ సంబంధం లేదు తమ్ముడూ, ఆ డబ్బుతో ఒక్క ఆటగాణ్ని కూడా కొనలేరు. అందుకే ఓనర్లు కోచ్‌ల మీద పడతారు. ఇక వచ్చేవాడికి పెద్ద పేరు అక్కర్లేదు. ఎక్కడో అసిస్టెంట్‌గా పనిచేసిన కుర్ర కోచ్ కావాలి. కుర్రాళ్లు ర్యాన్ డన్, ఇఘొడారోలను రోజూ 25 నిమిషాలు ఆడించి, తప్పులు చేసినా కోర్టు మీదే ఉంచగలగాలి.

ఉప్పల్_ఆరెంజ్
నేను చెప్పిందీ అదే కదా! తప్పు చేసినా పర్లేదు ఆడు అనేవాడు కావాలి. వెటోరీ అభిషేక్‌కు చేసింది అదే.

రాత్రిషిఫ్ట్_మామ
మళ్లీ మొదలా? హెడ్ లేకుండా అభిషేక్ ఒక సీజన్ ఆడనీ, అప్పుడు మాట్లాడదాం.

ఉప్పల్_ఆరెంజ్
శనివారం 141లో హెడ్ ఎన్ని కొట్టాడు? ఒక్కటి కూడా కాదు, అవన్నీ అభిషేక్ పరుగులే. క్రికెట్ విభాగంలో కొత్త చర్చ పెడుతున్నాను, దమ్ముంటే అక్కడికి రా.