కంపెనీ మునిగిందట, అదే షెడ్డుల కొత్త బోర్డు. పైసలు ఎవల్ని అడగాలె?

నిడమనూరు_బత్తాయి:
అన్నలూ, మాది నల్గొండ జిల్లా నిడమనూరు దిక్కు. పోయిన కత్తెర (ఎండాకాలం) కాపు బత్తాయి పదకొండు టన్నులు ఒక ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీకి తూకం ఏసిన. సూటు (తరుగు కింద కోసుకునేది) తీసినంక లెక్క అది, ఆ బాధ వేరే. టన్నుకు 26,000 చొప్పున 2,86,000. అడ్వాన్స్ 50,000 పోను 2,36,000కు కంపెనీ చెక్కు ఇచ్చిన్రు. బ్యాంకుల ఏస్తే పోయిన సోమవారం వాపస్ వచ్చింది. ఓనర్‌ని అడిగితే "అది కంపెనీ బాకీ, నాది కాదు. కంపెనీ మునిగింది" అంటడు.

మొన్న పోయి చూసిన. అదే షెడ్డు, అదే కాటా, అదే హమాలీలు. బోర్డు ఒక్కటే మారింది. ఎండ పడితే కొత్త రంగు కింద పాత అక్షరాలు కనబడుతున్నయ్. కొత్త కంపెనీ భార్య, బామ్మర్ది పేరు మీద పెట్టిండట. ఒక రైతుకిచ్చిన తూకం చిట్టీ చూసిన: పాత కంపెనీ పేరు పెన్నుతో కొట్టేసి పక్కన కొత్త స్టాంపు గుద్దిన్రు. గిట్లయితే గూడ కోర్టు "కంపెనీ వేరు, మనిషి వేరు" అంటదా?

వకీల్_నల్గొండ:
తమ్మీ, ముందు నీకు నచ్చని మాట. ఆయన చెప్పింది మామూలుగా చట్టమే. 1897లో ఇంగ్లండ్‌లో సాలొమన్ అనే బూట్ల వ్యాపారి కేసు నుంచి ఇదే లెక్క. 20,007 షేర్లలో 20,001 ఆయనవే, మిగిలిన ఆరు ఇంటోళ్లవి. అయినా కంపెనీ అప్పు ఆయన అప్పు కాదన్నారు.

కంపెనీని ముసుగుగా వాడితే కథ వేరు. ఢిల్లీ స్కిపర్ కన్‌స్ట్రక్షన్ కేసులో (1996) జనం దగ్గర వసూలు చేసిన సొమ్ము కోసం సుప్రీంకోర్టు ఆ ముసుగు తీసి కుటుంబం ఆస్తుల దాకా పోయింది. కానీ 2014లో ఎయిరిండియా క్యాంటీన్ కార్మికుల కేసులో గీత గీసింది: బాధ్యత ఎగ్గొట్టడానికే కావాలని పెట్టిన బూటకపు కంపెనీ అని తేలాలి. భార్య పేరు మీద ఉందంటే చాలదు. నీ చేతిలో అసలు సరుకు ఆ చిట్టీ. ఫోటోతో సరిపెట్టకు, ఒరిజినల్ సంపాదించు.

అయితే మొదలు పెట్టాల్సింది అక్కడ కాదు, చెక్కుతో. వాపస్ అయిందని బ్యాంకు చెప్పిన నాటి నుంచి 30 రోజుల్లో నోటీసు పోవాలి. అందినంక వాళ్లకు 15 రోజులు. అప్పటికీ ఇవ్వకపోతే నెలలోపు కేసు, నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలో 138 (చెక్కు బౌన్స్)తో పాటు 141 (కంపెనీ నడిపినోళ్ల బాధ్యత) సెక్షన్ కింద. చెక్కు మీద సంతకం ఎవరిది?

నిడమనూరు_బత్తాయి:
బామ్మర్దిది సార్. ఆయన పాత దాంట్ల గూడ డైరెక్టరే.

వకీల్_నల్గొండ:
సంతకం పెట్టినోడు ఎట్లాగూ దొరుకుతాడు. ఓనర్ని కూడా లాగాలంటే, అప్పుడు కంపెనీ వ్యవహారం నడిపింది ఈయనే అని ఫిర్యాదులో స్పష్టంగా రాయాలి. నీతో రేటు మాట్లాడిన మెసేజీలు ఉంటే తుడిచేయకు. ఇంకోటి, మునిగింది కదా అని కేసులో కంపెనీని వదిలేయకు. 2012 తీర్పు ప్రకారం కంపెనీ ముద్దాయిగా లేకపోతే మిగతావాళ్ల మీద కేసు నిలవదు.

బార్దాన్_మిర్యాలగూడ:
"మునిగింది" అన్న మాట నమ్మకు తమ్మి. నేను మిల్లులకు గోనె సంచులు ఏస్త. నాకూ ఒకాయన గట్లనే చెప్పిండు, కంపెనీల వివరాలుండే సర్కారు సైట్ల పేరు కొడితే "యాక్టివ్" అని వచ్చింది. నిజంగ దివాలా కేసు నడుస్తున్నా చెక్కు కేసు కంపెనీ మీద ఆగుతది గని డైరెక్టర్ల మీద ఆగదు, 2021ల సుప్రీంకోర్టు చెప్పింది. నువ్వే దివాలా కేసు ఏద్దామంటే బాకీ కోటి రూపాయలుండాలె, అది మనతోని కాదు. నేను కొత్త కంపెనీ మీదికి పోయి ఓడిన. పాత కంపెనీ మిషన్లు ధర కట్టి కొన్నమని బ్యాంకు కాగితాలు చూపెట్టిన్రు. నీ కాడ చిట్టీ ముచ్చటన్న ఉంది, నా కాడ గదీ లేకుండె.

నిడమనూరు_బత్తాయి:
సైట్ల చూసిన అన్నా, యాక్టివే. నోటీసు రేపు స్పీడ్ పోస్టుల పంపుతున్న. ఆ చిట్టీ రైతు మాత్రం ఇస్తనంటలేడు. ఆయన పైసలు ఇంకా వాళ్ల కాడనే ఉన్నయట.