చెరువు నీళ్లు తేటపడ్డాయి, మందు పోయినట్టేనా?

సిరోంచ దగ్గరి పత్తి రైతు: అన్నలారా, మాది ప్రాణహిత ఒడ్డు. పత్తికి మందు కొట్టిన మర్నాడే పెద్ద వాన పడి, చేలోని బురద నీళ్లన్నీ చెరువులో కలిశాయి. రెండో రోజుకే చేపపిల్లలు చచ్చి తేలాయి. ఇప్పటికి వారమైంది, నీళ్లు తేటగా ఉన్నాయి. దుకాణంలో అడిగితే వారం దాటాక ఏమీ ఉండదన్నారు. మళ్లీ పిల్లలు వదలొచ్చా? బర్రెలను తోలొచ్చా? చాలా టెన్షన్‌గా ఉంది.

చెన్నూరు వైపు చేపల రైతు: తమ్మీ, అన్ని మందులకూ ఒకటే లెక్క ఉండదు. డబ్బా మీద పేరు చూసి చెప్పు.

సిరోంచ రైతు: సైపర్‌మెత్రిన్ 25 ఈసీ. పచ్చదోమకని ఇమిడాక్లోప్రిడ్ కూడా కొట్టాం.

చెన్నూరు రైతు: ఆ రెండూ చెరో దారి పడతాయి. సైపర్‌మెత్రిన్ బకెట్లో పోయగానే నీళ్లు పాలలా తెల్లబడతాయి కదా, అది కరగడం కాదు. నూనె చుక్కలు సన్నగా చెదిరి అలా కనిపిస్తాయి. అసలు మందు లీటరు నీళ్లకు మిల్లీగ్రాములో వందో వంతు కూడా కరగదు. అందుకే మట్టి రేణువునో, కుళ్లిన ఆకునో అంటుకుంటుంది. ఆ ఒండ్రు అడుక్కి దిగితే మందూ దానితోనే దిగుతుంది. నీకు పైన నీళ్లు తేటగా కనిపిస్తున్నాయంటే అది కింద పేరుకుందనే అనుకో. గాలి ఆడని బురదలో నెమ్మదిగా విరుగుతుంది. బురద కెలికి తినే ఎర్రమోసు, బంగారుతీగ పిల్లల్ని ఇప్పుడే వదిలితే నష్టపోతావు.

ఇమిడాక్లోప్రిడ్ లీటరుకు సుమారు 600 మిల్లీగ్రాములు కరుగుతుంది, కాబట్టి చాలావరకు నీళ్లలోనే ఉంటుంది. తేట నీళ్లలో ఎండకు త్వరగా విరుగుతుంది, బురద నీళ్లలోకి ఎండ దిగదు. చేపల కంటే నీటి పురుగులకే దాని దెబ్బ ఎక్కువ. చేపపిల్లలు తినేది ఆ పురుగులనే.

రాజురా నుంచి ఒకరు: మబ్బు పట్టిన రోజుల్లో గాలి చాలక కూడా చేపలు చస్తాయి కదా?

చెన్నూరు రైతు: మంచి మాట. గాలి చాలకపోతే తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి, పెద్దవి ముందు పోతాయి. తమ్మీ, మీ దగ్గర ఎలా జరిగింది?

సిరోంచ రైతు: మిట్టమధ్యాహ్నం అన్నా. పిల్లలు గిరగిరా తిరిగి పడిపోయాయి. చిన్న రొయ్యలు, నీటి పురుగులు కూడా చచ్చాయి.

చెన్నూరు రైతు: అయితే మందు మీదే అనుమానం. చచ్చిన చేపలు ఎవరూ తినొద్దు, గుంత తీసి పూడ్చండి. బర్రెలకు కొన్నాళ్లు బోరు నీళ్లే పెట్టు, అవి దిగితే అడుగు బురద కూడా లేస్తుంది. చెరువు నీళ్లు ఇంట్లో వాడొద్దు. పటిక వేస్తే బురదతో ఉన్నది దిగుతుంది గానీ కరిగింది పోదు, కాచినా పోదు. పరీక్షకు పంపితే నీళ్లు ఒక గాజు సీసాలో, అడుగు బురద ఇంకో గాజు సీసాలో పట్టి ఐసులో పెట్టి పంపు. ప్లాస్టిక్ సీసా గోడకు సైపర్‌మెత్రిన్ అంటుకుని లెక్క తక్కువొస్తుంది.

పిల్లలు వదిలే ముందు హాపా వల (పెట్టెలా కుట్టిన సన్నకన్ను వల) అడుగు బురదను తాకేలా కట్టి, పది పిల్లల్ని వేసి నాలుగు రోజులు చూడు. ఒక్కటి చచ్చినా ఆగు. చేనుకీ కాలువకీ మధ్య నాలుగు బారల గడ్డి వదిలెయ్, వచ్చే ఒండ్రు కొంతైనా అక్కడ ఆగుతుంది. మందు కొట్టే పంపు మాత్రం చెరువులో కడగొద్దు తమ్మీ.